ధర్మపురిలో దిగిన మలేసియా అమ్మ

సేలం బస్టాండులో పూర్తిగా తెల్లవారకముందే గోపమ్మకు ముగ్గురితో తగాదా అయింది. పెట్టె మోసినవాడితో ఒకటి, ఈగ వాలిన ఇడ్లీని అలాగే ఆకులో పెట్టినవాడితో ఒకటి. మూడోది గోడ గడియారంతో. అది అయిదున్నర చూపిస్తోంది. ఆమె చేతి గడియారం ఎనిమిది చూపిస్తోంది. రాత్రి విమానంలో పక్కసీటు ఆయన ముల్లు వెనక్కి తిప్పుకోమని మర్యాదగానే చెప్పాడు. "మీ దేశం వెనకబడితే నా గడియారం ఎందుకు తిప్పాల?" అని ఆయన నోరు మూయించింది. ఇప్పుడేమో బస్సు రెండున్నర గంటలు ఆలస్యమని కండక్టరు మీద మండిపడుతోంది. బస్సు సరిగ్గా టైముకే వచ్చిందని ఆ కండక్టరు ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది.

గోపమ్మకు యాభై ఏళ్ళు. మలేసియాలో పేరాక్ వైపు ఒక రబ్బరు తోటలో పుట్టింది. తోట పక్క ఊళ్ళో టీకొట్టు నడుపుకుంటూ, నూరు మైళ్ళు దాటి ఎన్నడూ పోని మనిషి. 1983లో మొట్టమొదటిసారి పరదేశానికి బయల్దేరింది. రాత్రి మద్రాసులో విమానం దిగి, అటునుంచి అటే రైలెక్కి, కళ్ళు తెరిచేసరికి సేలంలో ఉంది. పరదేశమంటే ఆమెకే పరదేశం. ఆమె తల్లికి మాత్రం అది పుట్టిన గడ్డ. మారండహళ్ళి దగ్గర ఒక పల్లెలో పుట్టి, పెళ్ళయిన కొత్తలో మొగుడి వెంట ఓడెక్కిపోయి, మళ్ళీ ఈ నేల తొక్కకుండానే కిందటేడు కన్నుమూసింది.

గోపమ్మ ఇప్పుడు చుట్టాలను చూడడానికి రాలేదు. తిట్టడానికి వచ్చింది.

ఎనిమిదేళ్ళ వయసులో తోట బడిలో తెలుగు అక్షరాలు దిద్దిన నాటి నుంచి ఆమెకు ఒక పని పడింది. ఆదివారం మధ్యాహ్నాలు తల్లి పక్కన కూర్చుని చెబుతుంటే, తను ఉత్తరం రాయాలి. అవన్నీ ఊళ్ళో ఉన్న చెల్లెలు మాదమ్మకు. పైన అడ్రసు మాత్రం తోట గుమాస్తా ఇంగ్లీషులో రాసేవాడు. అలా నలభైకి పైగా ఉత్తరాలు పోయాయి. ఒక్కదానికీ జవాబు రాలేదు. తపాలావాడు గేటు దగ్గర సైకిలు దిగినప్పుడల్లా తల్లి లేచి నిలబడడం, అతను పక్కింటికి పోగానే మళ్ళీ కూర్చోవడం, ఇదంతా గోపమ్మ చిన్నప్పటి నుంచీ చూసింది. తల్లి పోయాక ఆ పిన్నమ్మ ముఖం మీదే అడగాలని ఒక మాట తయారు చేసుకుంది. "మా అమ్మ ఏం తప్పు చేసినాదని ఒక్క జవాబు రాయలేదు మీరు?" అంతే. గొంతు పెంచకుండా, ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకుండా అడిగి, వెనక్కి తిరిగి వచ్చెయ్యాలి. బయల్దేరే ముందు, ఫలానా రోజు పొద్దున ధర్మపురిలో బస్సు దిగుతానని ఇంగ్లీషులో ఒక తంతి మాత్రం కొట్టించింది. విమానంలో ఆ మాటను ఎన్నిసార్లు మననం చేసుకుందో లెక్కలేదు.

బస్సులో ఆమె నీలం ఇనప్పెట్టె ఎక్కడా పట్టలేదు. మూత మీద ఇంగ్లీషులో గోపమ్మ, మలేసియా అని తెల్లరంగుతో పెద్దపెద్ద అక్షరాలు రాయించుకుంది. పైన వేయమంటాడు కండక్టరు, కింద పెట్టనిస్తేగాని కదలనంటుంది గోపమ్మ. చివరికి పెట్టెను కిటికీ దగ్గర కూర్చున్న ఒకామె కాళ్ళ ముందుకు నెట్టి, తను పక్కన కూలబడింది.

"ఏమ్మా, నువ్వు టికెట్టు తీసింది పెట్టెకా, నా కాళ్ళకా?" అని ఆమె తెలుగులో అడిగింది.

గోపమ్మ ఉలిక్కిపడింది. ఈ దేశంలో ఆమె చెవిన పడిన మొదటి తెలుగు మాట అది. అదీ తిట్టే. ఆ మనిషి పేరు పాప్పాత్తి. సేలంలో ఇళ్ళు కట్టేచోట సున్నం తట్టలు మోస్తుంది. పాలక్కోడులో ఉన్న కూతురు దగ్గరికి పోతోంది. ఇద్దరిదీ ఒకే ఈడు, ఒకే రకం నోరు. కిటికీ కోసం ఒకసారి, మోచెయ్యి తగిలిందని ఒకసారి, గోపమ్మ నిద్రలో ఒరిగిందని ఇంకొకసారి తగువులాడుకుంటూ తొప్పూరు చేరారు.

తొప్పూరులో కొండ ఘాటురోడ్డు ఎక్కే ముందు బస్సు ఆగింది. "పది నిమిషాలు," అన్నాడు కండక్టరు. గోపమ్మ దిగి టీ అడిగింది. ఒక గుక్క తాగి గ్లాసును వెలుతురుకు పెట్టి చూసింది.

"ఇది టీనా? గుడ్డ పిండిన నీళ్ళా?" అంది తమిళంలో.

"ఇష్టమైతే తాగు, లేకపోతే పారబోయి," అన్నాడు టీకొట్టు అతను.

ముప్పై ఏళ్ళుగా టీ అమ్ముకుని బతికిన మనిషితో ఆ మాట అనకుండా ఉండాల్సింది. గోపమ్మ చీర కొంగు నడుముకు దోపుకుని బల్ల వెనక్కి పోయింది. పాత పిప్పి పారబోయించింది. నీళ్ళు తెర్లించింది. కొత్త పొడి వేసి, పాలు చిక్కగా పోసి, రెండు చెంబుల మధ్య టీని బారెడు పొడుగున సాగదీసింది. లారీ డ్రైవర్లు చుట్టూ మూగారు. అతను నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "చూడు, రంగు చూడు! మనుషులకు పోసేది ఇట్లుండాల," అని ఒక్కొక్కరికి గ్లాసు అందిస్తూ పోయింది. వెనక బస్సు రెండుసార్లు హారన్ కొట్టింది. అక్కడ ఆగిన బస్సులు నాలుగు, అన్నీ ఒకే రంగు. ఎవరి బస్సో అనుకుంది.

మూడోసారి హారన్ వినబడి తల తిప్పేసరికి ఆమె బస్సు ఘాటు మలుపు ఎక్కుతోంది. గోపమ్మ చేతిలో టీ గ్లాసుతోనే పరుగు తీసింది. పది అడుగులకు చెప్పు తెగింది. దానిని చేత పట్టుకుని ఇంకో పది అడుగులు పరిగెత్తింది. ఆమె వెనక టీకొట్టు అతను, "గ్లాసు! నా గ్లాసు!" అని అరుస్తూ పరుగు. బస్సు మాత్రం ఆగలేదు. అతని చేతిలో గ్లాసు కుక్కి, రోడ్డు మధ్య నిలబడి, బస్సునూ, కండక్టరునూ, కండక్టరుకు ఉద్యోగమిచ్చిన వాళ్ళనూ, చివరికి విమానాన్నీ తిట్టింది. పాస్‌పోర్టు చేతిసంచిలో ఉంది. మిగిలిందంతా ఆ పెట్టెలో ఉంది.

ఆమె టీ తాగినవాళ్ళలో బాలసుందరం అనే డ్రైవరు ఒకడు. టమాటాలు తేవడానికి ఖాళీ గంపలు వేసుకుని మారండహళ్ళి సంతకు పోతున్నాడు. "ఎక్కండమ్మా. ధర్మపురిలో బస్సును పట్టేస్తాం," అన్నాడు.

పట్టేది ఎక్కడ? లారీ ఘాటు ఎక్కుతుంటే ఒక మేకల మంద పక్కనుంచి దాటిపోయింది. గోపమ్మ కూర్చున్నది ఇంజను పక్కన. కాళ్ళు కాలిపోతున్నాయి. మధ్యలో రేడియేటరు పొంగితే, నీళ్ళ కోసం ఖాళీ డబ్బా పట్టుకుని ఆమె కూడా వాగులోకి దిగాల్సి వచ్చింది. గాలికి వెనక గంపల్లోని గడ్డి ఎగిరి జుట్టులో చిక్కుకుంది. ముఖం తుడుచుకుందామని డ్రైవరు దగ్గర గుడ్డ అడిగి తీసుకుంది. అది ఇంజను నూనె తుడిచే గుడ్డ అని తుడుచుకున్న తరవాత తెలిసింది.

"నీ లారీ కంటే మా ఊరి నత్త మేలు," అంది.

"నత్తకు లోడు ఉండదు కదమ్మా," అన్నాడు బాలసుందరం. ఆమె చూసిన చూపుకు చప్పున రోడ్డు వైపు తల తిప్పుకున్నాడు.

ధర్మపురి బస్టాండు చేరేసరికి బస్సు బెంగళూరు దారి పట్టి గంటయింది. గోపమ్మ ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా బస్సుల టైము ఆఫీసులోకి దూసుకుపోయి, నీలం పెట్టె సంగతి అడిగింది.

"నీలం పెట్టెనా? అది మలేసియా అమ్మది," అన్నాడు లోపలి మనిషి. "వాళ్ళ బంధువులు పొద్దుటి నుంచి మేళంతో వచ్చి కాచుకున్నారు. ఆయమ్మ దిగింది, మాల వేసినారు, కారులో తీసుకుపోయినారు."

"ఏ ఆయమ్మ? నేనే మలేసియా అమ్మను!"

అతను ఆమెను పైనుంచి కిందికి చూశాడు. జుట్టులో గడ్డి, ముఖాన నల్ల మడ్డి, చేతిలో తెగిన చెప్పు. "పో అమ్మా, పనుంది. ఆయమ్మ ఎంత పద్ధతిగా ఉన్నింది తెలుసా? నోరే తెరవలేదు."

గోపమ్మ బల్ల మీద కొట్టిన దెబ్బకు టికెట్టు కట్టలు కింద పడ్డాయి. పోలీసును పిలుస్తానని అతను లేచాడు. బాలసుందరం అడ్డుపడి, బతిమాలి, ఆమెను మళ్ళీ లారీ ఎక్కించాడు.

పల్లె మలుపులో దిగేటప్పటికే మేళం వినబడుతోంది. ఇంటి ముందు చిన్న పందిరి, మావిడాకులు, ముప్పై నలభై మంది జనం. మధ్యలో కుర్చీ. కుర్చీలో పాప్పాత్తి. మెడలో చామంతి మాల, ముందు విస్తరిలో రాగి సంగటి, నాటుకోడి పులుసు. పక్కన ఒక ముసలామె కూర్చుని, ఆ పాప్పాత్తి వీపు నిమురుతూ కళ్ళు తుడుచుకుంటోంది. ఆమే మాదమ్మ అని ఎవరూ చెప్పకుండానే గోపమ్మకు తెలిసింది. ఆ ముక్కు తన తల్లిదే.

"లేయే!" అని అరిచింది గోపమ్మ. "నా కుర్చీలోనుంచి లేయ్!"

మేళం ఆగింది. మాదమ్మ కొడుకు సిద్ధరాజ్ పరుగున వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, కొత్త పంచెలో ఉన్నాడు. "అరవొద్దమ్మా. ఇంట్లో శుభం జరుగుతా ఉండాది. ఆ వారగా కూర్చో, నీకూ ఆకేస్తారు," అన్నాడు మెత్తగా.

"అడుక్కునేదాన్ననుకుంటివా రా? గోపమ్మను! మలేసియా నుంచి వచ్చిన గోపమ్మను!" అంటూ సంచిలోంచి పాస్‌పోర్టు తీసి అతని ముఖాన పెట్టింది.

పాస్‌పోర్టు చేతులు మారింది. ఫొటోలోని మనిషి నున్నగా తల దువ్వుకుని, నోరు మూసుకుని, శాంతంగా చూస్తోంది. జనం ఫొటోను చూశారు, కుర్చీలోని మనిషిని చూశారు, అరుస్తున్న మనిషిని చూశారు. "ఇది కుర్చీలో ఉండే అక్కదే," అని తేల్చారు. "పాపం, బస్సులో ఈమె కొట్టేసినట్టుంది."

అప్పుడు గోపమ్మ ఆపుకోలేకపోయింది. ఇరవై గంటల ప్రయాణంలో పేరుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. "మీ పొయ్యిలో పిల్లి పండుకోను! మీ ఉట్టికి ఉడుత వేలాడను! మీ గంపకింద కోడి గుడ్డు మరిచిపోను!"

"ఆపండ్రా!" అంది మాదమ్మ. చెయ్యి గాలిలో తడుముతూ లేచి నిలబడింది. కంటిచూపు సగం పోయిన మనిషి. "ఉడుత వేలాడను... ఆ తిట్టు మా అక్కది. దానికి తప్ప ఎవరికీ రాదు. నా పిలకాయ ఇది. ఆ కుర్చీలో ఉండేది ఎవరో అడగండి."

అందరూ పాప్పాత్తి వైపు తిరిగారు. పాప్పాత్తి నోట్లోది మింగి, మాల తీసి విస్తరి పక్కన పెట్టింది. ఆమెకూ కోపం వచ్చింది.

"ఎవరో నన్ను ఇప్పుడు అడిగినారా? ఈ మహాతల్లి పెట్టె నా కాళ్ళ మీద పడేసి తొప్పూరులో దిగిపోయినాది. దొంగలెత్తుకుపోతారని, ధర్మపురిలో మోసుకొని దిగినాను, టైము ఆఫీసులో ఇచ్చి పోదామని. పెట్టె మీద పేరు చూసినారు, మాల వేసినారు, కారులో తోసినారు. నేను కాదు, నేను కాదు అంటూనే ఉండాను. ఆ మేళం మోతలో ఎవరికి వినబడె? పాలక్కోడు వస్తే ఆపండి, ఆపండి అని అరిచినాను. 'చూడు, అక్కకు మన ఊళ్ళంటే ఎంత ముచ్చటో' అని నవ్వినారు!"

"మరి ఇక్కడికి వచ్చినాక చెప్పకూడదా?" అన్నాడు సిద్ధరాజ్ బిక్కముఖంతో.

"చెబుదామనే అనుకొన్నా. కోడి పులుసు ముందు పెట్టినారు. నిన్నటి నుంచి తినలేదు. తిన్నాక చెబుదామనుకొన్నా."

పందిరి కింద ఒకరిద్దరు పక్కున నవ్వారు. గోపమ్మ నవ్వలేదు. పాప్పాత్తిని చీల్చడానికి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. పెట్టెను కాపాడి మోసుకొచ్చిన మనిషిని ఏమని తిట్టాలి? తిట్టడానికి ఏమీ దొరకలేదన్నది ఇంకో కోపం. నడుముకున్న తాళంచెవితో పెట్టె తెరిచి, బిస్కెట్ల డబ్బా ఒకటి తీసి పాప్పాత్తి ఒళ్ళో విసురుగా పడేసింది.

"నాకెందుకు?" అంది పాప్పాత్తి.

"నీకెవరు ఇచ్చినారు? నీ కూతురికి."

పాప్పాత్తి ఆ డబ్బా చంకన పెట్టుకుని, మిగిలిన సంగటి ముద్ద కూడా ముగించి, పందిరి దాకా వచ్చిన బాలసుందరం సంత చూసుకుని తిరిగిపోతూ పాలక్కోడులో దించుతానంటే లారీ ఎక్కి వెళ్ళిపోయింది.

జనం పలచబడ్డారు. మాదమ్మ గోపమ్మ ముఖమంతా చేతులతో తడిమింది. మడ్డి ఆమె వేళ్ళకంటింది. "రా, నాయనా, కడుక్కొని కూడు తిను."

ఇప్పుడే అడగాలి. గొంతు పెంచకుండా అడగాలి. కానీ ఆ రోజంతా అరిచి అరిచి గోపమ్మ గొంతుకు మెల్లగా మాట్లాడడం పోయింది.

"ఏం తప్పు చేసినాదని ఒక్క జవాబు రాయలేదు చిన్నమ్మా? నలభై ఉత్తరాలు! నా చేత్తో రాసినాను. చచ్చేదాకా గేటు వైపే చూస్తా ఉండిపోయినాది మా అమ్మ!"

మాదమ్మ చేతులు కిందికి జారాయి. లోపలికి పోయి, పాత రేకు డబ్బా ఒకటి మోసుకొచ్చి గోపమ్మ ముందు పెట్టింది. అన్నీ ఉన్నాయి. విప్పి, మళ్ళీ మడతపెట్టి, వరసగా.

"ఎవరు చదవాల?" అంది. "మాట్లాడేది తెలుగే. అక్షరం ఎవరికి తెలుసు ఈ ఊళ్ళో? పిలకాయలు చదివేది తమిళం. మీ అడ్రసు కూడా లోపల తెలుగులోనే ఉండె. జవాబు ఎక్కడికి వేసేది? కాగితం వస్తే అక్క బతికే ఉండాదని సంతోషపడేదాన్ని. కిందటేడు నుంచి రాలేదు. అప్పుడే తెలిసిపోయినాది నాకు. తలంటుకొని దీపం కూడా పెట్టినాను."

 గోపమ్మ అంత త్వరగా మెత్తబడే మనిషి కాదు. "హోసూరులో తెలుగు బళ్ళు ఉండాయంట. బస్సులో పక్కామె చెప్పినాది. ఇక్కడినుంచి రోజూ బస్సు పోతాది. ఒక్కసారి తీసుకుపోయి చదివించుకోలేరా?"

 మాదమ్మ తల అరుగు వైపు తిప్పింది. అరుగు మీద, ఇంత గొడవలోనూ లేవకుండా, ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. మాదమ్మ భర్త రంగస్వామి. మగపిల్లలు లేని మామ ఇంటికి ఇల్లరికం వచ్చినవాడు.

"నేనే వద్దన్నాను," అన్నాడు రంగస్వామి, నేల చూస్తూ. "మామ పోయేముందు భూమి ఇద్దరు కూతుళ్ళకూ సమం అని చెప్పినాడు. చదివిస్తే భాగం అడిగుంటుందేమోనని భయం. చదవకపోతే అడగనట్టే కదా."

అంత నిజం ఆయన అంత తేలిగ్గా చెబుతాడని గోపమ్మ అనుకోలేదు.  తన చిన్న చేతులతో, సిరా ఒలకకుండా, ఆదివారాలు ఆట మానుకుని రాసింది ఈ మనిషి భయపడి దాచిపెట్టడానికా?

"ఎవరడిగినారు మీ భూమి?" అని లేచింది. "మా అమ్మ అంత ఆశ గల మనిషా? ఏం రాసినానో నాకు తెలియదా? కూర్చో చిన్నాయనా, అక్కడే కూర్చో! అన్నీ చదువుతా. ఒక్క దాంట్లో భాగం మాట ఉంటే, ఇప్పుడే తిరిగి పోతా!"

డబ్బా బోర్లించి, అడుగునున్న మొదటి ఉత్తరం తీసింది. కాకి కాళ్ళ లాంటి అక్షరాలు, ఎనిమిదేళ్ళ పిల్లవి. ఇక్కడ రోజూ వాన పడుతుందని, కొబ్బరి పాలతో అన్నం వండుతారని, నల్లావు ఈనిందా అని. ఆ ఆవుకు కోడెదూడ పుట్టిందని, ముప్పై ఏళ్ళ కిందట చచ్చిపోయిందని మాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. రెండో ఉత్తరంలో గోపమ్మకు అమ్మవారు పోసి తగ్గిందని ఉంది. మూడోదాంట్లో చెల్లెలికి బిడ్డ పుట్టాడా, ఏం పేరు పెట్టారు అని. సిద్ధరాజ్ గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు. ప్రతి ఉత్తరం చివరా గోపమ్మ తల ఎత్తి, "ఏదీ భాగం? ఏదీ?" అని అరుగు వైపు అరిచింది. రంగస్వామి తువ్వాలు భుజాన వేసుకుని, మెల్లగా లేచి, ఇంటి పక్కనున్న టమాటా తోటలోకి పోయాడు.

తొమ్మిదో ఉత్తరం. అక్షరాలు కుదురుగా ఉన్నాయి. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు ఉంటాయి. గోపమ్మ రెండు వరసలు చదివి ఆగింది.

"ఏముండాది?" అంది మాదమ్మ.

గోపమ్మ కళ్ళు ముందుకు పరుగెత్తాయి. ఆ ఆదివారం ఆమెకు గుర్తే లేదు. చెప్పింది చెప్పినట్టు రాసి, మరిచిపోయి, ఆడుకోవడానికి పోయి ఉంటుంది. "నాయన భూమిలో నాకు రావలసింది అమ్మి పంపించు చెల్లీ. ఓడ టికెట్టుకు చాలితే చాలు. మిగిలింది నువ్వే ఉంచుకో. ఈయన పోయినప్పటి నుంచి ఇక్కడ నాకు ఎవరూ లేరు. పిల్లను తీసుకుని వచ్చేస్తాను."

వానల గురించి ఉందని చెప్పి, కాగితం మడిచి, తరవాతది తియ్యవచ్చు. పిన్నమ్మకు కనబడదు, కొడుకుకు చదవను రాదు. తోటలో నిలబడ్డ ముసలాయనకు ఎన్నటికీ తెలియదు, ఆయన భయం నిజమేనని.

గోపమ్మ లేచి అరుగు అంచుదాకా నడిచింది. రంగస్వామి టమాటా చాళ్ళ మధ్య, వాళ్ళ వైపు వీపు పెట్టి, పార పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అడిగినాది చిన్నాయనా!" అని ఆమె గొంతు చించుకుని అరిచింది. "అడిగినాది! ఎందుకడిగినాదో ఇను!"

ఆ ఉత్తరం మొదటి నుంచి, ఒక్కొక్క మాటా విడదీసి, తోట అవతలి గట్టు దాకా వినబడేటట్టు చదివింది. రంగస్వామి పార దించలేదు, వెనక్కి తిరగలేదు. చదవడం అయ్యాక ఆమె మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.